గడప దాటించే పాట

మంగలి హెర్మీలో దగ్గర గడ్డం గీయించుకోవాలంటే ముందు ఫిడేలు పాఠం వినాలి. గొంతు మీద కత్తి ఆనించి మాట్లాడే మనిషితో వాదించేవాడెవడు? అందుకే వాస్తెకా సీమ మొత్తమ్మీద ఫిడేలు బాణీల సంగతిలో ఎదురులేని పండితుడని అతనికి పేరొచ్చింది. ఆ పేరు పెట్టుకున్నది కూడా అతనే.

"పోతోసీ వైపు వాళ్లు కమాను నిదానంగా లాగుతారు, అన్నం తిని పడుకోబోయేవాళ్లలాగా. వెరాక్రూస్ వాళ్లకి సోకులెక్కువ. మన ఇదాల్గో వాళ్ల చెయ్యి వేరు. పరుగెడుతుంది, పరుగులోనే గమకం పెడుతుంది," అనేవాడు చెంపకి సబ్బు రాస్తూ. గడ్డం సగం అయ్యేసరికి ఇదాల్గో కూడా సరిపోయేది కాదు. ఏటికి ఇవతల ఒక బాణీ, అవతల ఒక బాణీ, వంతెన దగ్గర సంకర బాణీ. మీసం దగ్గరికొచ్చేసరికి ఏ ఊళ్లో ఎవడు ఎవడి దగ్గర నేర్చుకుని ఎలా చెడగొట్టాడో వంశవృక్షం మొత్తం విప్పేవాడు.

వాయించడం రాదా అంటే వచ్చు. అబద్ధమెందుకు, బాగానే వాయించేవాడు. అయిదు నిమిషాలు వాయించి అరగంట చెప్పడమే వచ్చిన చిక్కు. సొంత మేనకోడలి పెళ్లిలో పాట మధ్యలో ఆపించేశాడు. కమాను ఇదాల్గోది, అడుగులు వెరాక్రూస్‌వి, ఈ రెండూ కలవవన్నాడు. నాట్యం చేసే చెక్కబల్ల మీద పెళ్లికూతురు ఒంటికాలి మీద నిలబడిపోయింది. ఆ పిల్ల ఇప్పటికీ అతనితో సరిగ్గా మాట్లాడదు.

అతని మంగలి షాపు వెహూత్లా టౌన్లో ఉంది. పుట్టింది మాత్రం మా ఆత్లాపాలోనే, లారీలో గంట దూరం. పదకొండేళ్ల కింద తల్లి పోయినప్పుడు మా ఊరి వాయిద్యగాళ్ల మీద నమ్మకం చాలక టౌను నుంచి ముగ్గుర్ని తెచ్చుకున్నాడు. ఒకరికి ఫిడేలు, ఇద్దరికి గిటార్లు, ముగ్గురికీ ఇస్త్రీ చొక్కాలు. అంత మేలైన బాణీతో ఆత్లాపాలో ఏ తల్లీ సాగిపోలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

షాపులో అద్దానికి అటూ ఇటూ టేపు క్యాసెట్లు. ఒక్కోదాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఊరు, వాయించినవాడి పేరు, బాణీ. కింది వరస చివర్లో ఒక డబ్బా మాత్రం ఖాళీ. దాని మీద 'ఆత్లాపా, దోన్ నబోర్, గడప పాట' అని రాసి, లోపల పెట్టడానికి ఏమీ లేక, రోజూ దుమ్ము తుడిచేవాడు. నూట నలభై క్యాసెట్లు ఒకెత్తు, ఈ డబ్బా ఒకెత్తు. ఇది నిండితే తప్ప తన విద్య పూర్తి కాదని అతని బాధ. అది నిజమైన బాధే, నిద్ర కూడా పట్టేది కాదు.

మా వైపు శవం దగ్గర వాయించే పాటల్ని వినుయేతెలు అంటారు. ఆరు పాటలు అందరికీ వచ్చు. ఏడోది శవపెట్టె గడప దగ్గరికొచ్చినప్పుడు వాయించేది. మోసేవాళ్లు గడప ముందు ఆగుతారు, పాట అయ్యాకే కాలు బయట పెడతారు. ఆ ఒక్క పాట మాత్రం మా ఊరి పెద్దాయన దోన్ నబోర్‌కే వచ్చు. వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఎనభై రెండేళ్లు వచ్చినా ఇంకెవరికీ నేర్పలేదు.

హెర్మీలో తీపి రొట్టెలు, కాఫీ పొడి పట్టుకుని ప్రతి ఆదివారం వచ్చేవాడు. ముసలాయన వాకిట్లో కూర్చుని మొక్కజొన్న వలుస్తూ ఉండేవాడు.

"దోన్ నబోర్, ఒక్కసారి. చెవిలో చెప్పినట్టు మెల్లగా వాయించండి చాలు."

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ."

"మరెందుకు వాయించడం?"

"నేర్చుకోడానికి."

"శవం లేని గడప దగ్గర ఆ పాట వాయిస్తే ఆ ఇంట్లోంచి ఒకరు లేచిపోతారురా. ఈ ఇంట్లో ఉన్నది నేనూ, ఆ కోడిపుంజూ. ఎవర్ని పంపిద్దామంటావు?"

"పుంజునే పంపిద్దాం, తాతా."

"అది నన్ను పొద్దున్నే లేపుద్ది. నీ వల్ల నాకు ఆ మాత్రం లాభం కూడా లేదు," అని నబోర్ రొట్టె అందుకున్నాడు. నమిలి మింగాక అన్నాడు, "అయినా నీకొకసారి ఇచ్చేశాగా. ఒకరికి రెండుసార్లివ్వను."

"నాకెప్పుడిచ్చారండీ?"

"ఇచ్చాను. నువ్వు పుచ్చుకోకపోతే నేనేం చేసేది?"

పాపం, ముసలాయనకి మతి తప్పుతోంది అనుకున్నాడు హెర్మీలో. మర్నాడు షాపులో అందరికీ అదే చెప్పాడు. మతి పూర్తిగా పోకముందే పాట పట్టుకోవాలని తేల్చాడు.

పట్టుకోవాలంటే శవం కావాలి. మా ఎండలకి శవాన్ని ఎక్కువ సేపు ఉంచరు. కబురు టౌనుకి చేరి, అతను లారీ ఎక్కి దిగేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోతుంది. అలా నాలుగు చావులు చేజారిపోయాక ముందుగానే వచ్చి కాచుకోవడం మొదలుపెట్టాడు. ఎవరికి బాగాలేదని తెలిసినా ఫిడేలు, టేపు రికార్డరు సంచిలో వేసుకుని పరామర్శకి దిగేవాడు. మంచం పక్కన కూర్చుని "ఆకలవుతోందా? రాత్రి నిద్ర పట్టిందా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. పట్టింది అంటే మొహం వాడిపోయేది.

దోన్ సిల్వెస్త్రేకి దగ్గు పట్టుకుంటే ఒకే వారంలో మూడుసార్లు వచ్చాడు. నాలుగోసారి అతని సంచి వీధి మలుపులో కనబడగానే సిల్వెస్త్రే మంచం దిగి, గొడ్డలి తీసుకుని, వాకిట్లో కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. నెల రోజులు మందులకి లొంగని దగ్గు ఆ దెబ్బకి పోయింది.

ఊరు ఊరుకుంటుందా? శవాల మీద పేలాలు ఏరుకునే రకమని మొహమ్మీదే అన్నారు. అందరికంటే ఎక్కువ ఆడుకున్నది దోన్యా రుఫీనా. ఎవరు పోయినా వచ్చినవాళ్లందరికీ తమాలేలు ఉడికించేది ఆవిడే. మొక్కజొన్న పిండి ముద్దలు ఆకుల్లో చుట్టి గుండిగలకెత్తి, ఆ పొగలో నలభై ఏళ్లుగా నిలబడ్డ మనిషి.

"ఏంటయ్యా గద్దా, ఈవేళ ఎవరి కప్పు మీద తిరుగుతున్నావు?"

"నవ్వు, దోన్యా రుఫీనా, నవ్వు. ఆ పాట పోతే ఒక బాణీ పోయినట్టు. అది నీకెలా తెలుస్తుందిలే. కూరలో తిరిగే గరిటెకి రుచి తెలుస్తుందా?"

రుఫీనా నవ్వి ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆవిడ అలవాటు కాదు, కానీ అప్పుడు పిండి చేతుల్లో ఉంది.

చివరికి ఒక శనివారం అతను ఊళ్లో ఉండగానే దోన్యా క్లెయోఫాస్ కాఫీ తాగుతూ తాగుతూ పక్కకి ఒరిగిపోయింది. హెర్మీలో దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో చెప్పుకోడానికి తర్వాత తనకే మొహం చెల్లలేదు. మధ్యాహ్నం పెట్టె గడప దగ్గరికొచ్చింది. నబోర్ కమాను ఎత్తాడు. హెర్మీలో రికార్డరు మీట నొక్కాడు.

టౌనుకెళ్లి షాపు నిండా జనాన్ని కూర్చోబెట్టి టేపు పెట్టాడు. అందులో గొంతు ఖంగున మోగింది. "ఇటు చూడండి, ఆ మణికట్టు చూశారా? ఇది ఏటికి అవతలి వాళ్ల మణికట్టు కాదు. ఇప్పుడొక గమకం రావాలి, వస్తుంది చూడండి." గొంతు హెర్మీలోదే. దాని వెనకాల ఎక్కడో, దోమ ఎగిరినట్టు, సన్నగా ఫిడేలు. పాట అయ్యేవరకూ ఆ గొంతు ఆగలేదు. సబ్బు మొహాలతోనే జనం పడీపడీ నవ్వారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రికార్డరు నాసిదన్నాడు హెర్మీలో. ఖాళీ డబ్బా ఖాళీగానే ఉండిపోయింది.

వానలకి ముందు, ఒక బుధవారం తెల్లవారుజామున, దోన్ నబోర్‌ని లేపాల్సిన కోడి కూసింది, నబోర్ లేవలేదు. కబురందిన హెర్మీలో సగం గీసిన గడ్డాన్ని కుర్చీలోనే వదిలేసి లారీ ఎక్కాడు. అతను వచ్చేసరికి పెట్టె లేచింది. నలుగురు భుజాల మీద పెట్టుకుని గడప దగ్గరికొచ్చి, అలవాటు చొప్పున ఆగారు. పాట కోసం చూశారు. పాట వాయించే మనిషి వాళ్ల భుజాల మీదే ఉన్నాడని అప్పుడు తట్టింది అందరికీ.

ఎవరూ కదల్లేదు. పాట లేకుండా గడప దాటించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ. ముందు మోస్తున్న సిల్వెస్త్రే చెమటకి కళ్లు మూసుకుని అరిచాడు, "ఓ పండితుడా, ఏదో ఒకటి కానీయవయ్యా! భుజం పడిపోతోంది."

హెర్మీలో ఫిడేలు తీశాడు. "పోతోసీ బాణీలో ఒక వీడ్కోలు పాట ఉంది. కాదంటే..."

"నోర్మూసుకుని చెయ్యెత్తు," అంది వెనక నుంచి దోన్యా రుఫీనా. తమాలేల గుండిగ దగ్గర నుంచి గరిటెతోనే వచ్చింది. గడప పక్కన నిలబడి, కళ్లు నేలకేసి, నోరు తెరవకుండా కూనిరాగం ఎత్తుకుంది. నలభై ఏళ్లుగా ప్రతి శవం దగ్గరా విన్న, వంకర టింకర లేని పాట. రెండు మెట్లు ఎక్కి, ఒక మెట్టు దిగి, మళ్లీ ఎక్కి, చివర్లో ఆగాల్సిన చోట ఆగకుండా గాల్లో వదిలేసే పాట.

హెర్మీలో వెంట వాయించాడు. రెండో వరసకే వేలు ఆగక ఒక గమకం వేశాడు.

"అది తియ్యి. ఆయన వెయ్యలేదు."

"ఇదాల్గో బాణీ అయితే అక్కడ..."

"ఏ బాణీ లేదు. మోసేవాళ్లు ఊపిరి పీల్చుకోడానికి అక్కడ ఆపాడు, అంతే. మీ అమ్మకి ఆయన వాయించినట్టు వాయించు."

కమాను తీగ మీదే నిలిచిపోయింది. "మా అమ్మకా? మా అమ్మకి వాయించింది టౌను వాళ్లు కదా?"

"టౌను వాళ్లకి ఆరే వచ్చు. ఏడోదానికి వాళ్లు దిక్కులు చూస్తుంటే ఈయనే ఎవరూ పిలవకుండా లేచొచ్చాడు. మీ అమ్మ ఇదిగో ఇలాగే గడప దగ్గర ఆగుంది. నువ్వు వస్తావని మూడుసార్లు నీ వైపు చూశాడు. నువ్వు మామిడిచెట్టు కింద నిలబడి, నీ వెంట వచ్చిన టౌను దొరలకి, గిటారు వాడి చెయ్యి ఏటికి ఏ వైపుదో చెప్తున్నావు. ఇంక లాభం లేదని కమానెత్తాడు. నీకు ఇచ్చాడయ్యా. నువ్వు పుచ్చుకోలా."

హెర్మీలోకి ఆ మధ్యాహ్నం మొత్తం గుర్తొచ్చింది. మామిడిచెట్టు గుర్తొచ్చింది. తను చెప్పిన ప్రతి మాటా, దొరలు తలలూపడం, ఒకాయన 'అద్భుతం' అనడం కూడా గుర్తొచ్చాయి. వెనక నుంచి వినబడి ఉండాల్సిన పాట ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. అతనికి సిగ్గేసింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది, కానీ మోసేవాళ్ల భుజాల మీద పెట్టె ఉంది.

"కానీయవయ్యా, చచ్చిపోతున్నాం," అన్నాడు సిల్వెస్త్రే.

రుఫీనా మళ్లీ ఎత్తుకుంది, అతను మళ్లీ వాయించాడు. తడబడ్డాడు, రెండు చోట్ల తప్పాడు. గమకం మాత్రం వెయ్యలేదు. దోన్ నబోర్ గడప దాటాడు.

తొమ్మిదో రోజు ప్రార్థనకి ఊరంతా మళ్లీ చేరింది. అంతకు ముందే, పొద్దున్నే హెర్మీలో రుఫీనా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో ఫిడేలుంది. రికార్డరు లేదు. ఈ తొమ్మిది రోజులూ షాపులో నోరెత్తకపోతే, గడ్డం గీయించుకునేవాళ్లకి ఆ నిశ్శబ్దానికి భయమేసి పక్క షాపుకి పోయారట.

"దోన్యా రుఫీనా, ఆ పాట ఇంకోసారి అనవా? నాకు సరిగ్గా రాలేదు."

ఆవిడ పిండి పిసుకుతూనే ఉంది. తలెత్తలేదు.

"ఎవరు పోయారు?"

తిరిగి వెళ్లిపోతాడనుకుంది. అతను వెళ్లలేదు.

"మా అమ్మ," అన్నాడు.

రుఫీనా చేతులు ఆగాయి. తర్వాత నీళ్ల కుండ దగ్గరికెళ్లి, చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుంది.

"అయితే అలా గడప దగ్గర నిలబడు," అంది. "నోరు మాత్రం మూసుకో."