గేటు దగ్గర మనిషి

మా ఇంట్లో ఎవరైనా రైలుబొమ్మ మాటెత్తితే నేను లేచి వంటింట్లోకి పోతాను. ఇంత వయసొచ్చాక కూడా ఆ కోపమేమిటని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఎవరి ఒళ్ళు కాలితే వాళ్ళకే తెలుస్తుంది మంట.

అరవైల మొదట్లో సంగతి. మా ఆయన సత్తెనపల్లి హైస్కూల్లో సైన్సు మాస్టారు. నాకు మేనత్త కొడుకు, కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తరువాతా బావే. గుంటూరులో పెద్ద ఎగ్జిబిషన్ పెడుతున్నారనీ, బడుల తరఫున కూడా మోడళ్ళు పంపవచ్చనీ ఆ ఏడు కబురు వచ్చింది. మిగతా బడుల వాళ్ళు గుండెకాయ బొమ్మలూ, నీటి చక్రాలూ చేసుకుంటుంటే ఈయనకు మాత్రం రైలు పిచ్చి పట్టుకుంది. సత్తెనపల్లి స్టేషను, దాని పక్కన మిరపకాయల కళ్ళం, పత్తిమిల్లు, ఊరి బయట గేటు, వాటన్నిటినీ చుడుతూ కరెంటుతో తిరిగే మాచర్ల బండి. అంతా కలిపి రెండు పెద్ద బల్లలంత.

చెప్పడం ఆయన వంతు, చెయ్యడం నా వంతు. ఇంజనూ పెట్టెలూ మాత్రం బజారులో లాంతర్లు చేసే సాయిబు కిరసనాయిలు డబ్బా రేకుతో కోసి, అతికి ఇచ్చాడు. మోటారు గుంటూరు రేడియో షాపులో కొన్నారు. మిగిలినదంతా మా వసారాలో నా చేతుల మీదుగా జరిగింది. పట్టాల కింద స్లీపర్లకు కందిపుల్లలు చీల్చాను. పట్టాల మధ్య కంకర కావాలంటే జొన్ననూకకు బొగ్గుపొడి పట్టించి పరిచాను. రెండు రోజులు చూడముచ్చటగా ఉంది. మూడో రోజు పొద్దున లేచి చూద్దును కదా, చీమలు నూకంతా మోసుకుపోతున్నాయి, పిచ్చుకలు స్టేషను మీద వాలి ఏరుకు తింటున్నాయి. మా అత్తయ్య నవ్వలేక చచ్చింది. "రైలుకు దారెయ్యమంటే పిట్టలకు సంతర్పణ పెట్టావేందే" అంది. ఆ తరువాత అమరావతి నుంచి కృష్ణ ఇసుక తెప్పించి, పిండి జల్లెడతో జల్లించి, జల్లెడ మీద మిగిలిన సన్నగులకను పరిచాను. పిండి జల్లెడ పాడైనందుకు అదే అత్తయ్య చేత వారం రోజులు తిట్లు కూడా తిన్నాను.

పత్తిబేళ్ళకు నిజం పత్తే, గోనెపీలికల్లో చుట్టి కుట్టాను. చెట్లకు ఎండిన గోరింట రెమ్మలు, వాటి మీద మునగాకు పొడి. కళ్ళంలో మిరపకాయలకు ఏ రంగు పూసినా ఆ ఎరుపు రాలేదు. చివరికి ఎండుమిరపకాయల తొక్కలు కత్తెరతో చిదుపలు చేసి పోశాను. చేతుల మంట ఎంత కడిగినా పోలేదు. ఆయన అన్నం తింటూ, "కళ్ళం భలే కుదిరిందే" అన్నారు. ఆ ఒక్క మాటకే నేను పొంగిపోయాను. అంత వెర్రిదాన్ని.

ఇక గేటు. ఆ గేటు కోసమే ఇదంతా చెబుతున్నాను.

మా నాన్న రైల్వే గేటు కాపలాదారు. ఊరి బయట గేటు పక్కన ఒంటిగది కొంపలో మేముండేవాళ్ళం. మా బావ హైస్కూలు చదువంతా ఆ కొంపలోనే, మా అమ్మ వండిపెట్టిన అన్నం తిని జరిగింది. నాన్నకు చలిజ్వరం వచ్చేది. వచ్చిందంటే దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. బండి మాత్రం జ్వరమొచ్చిందని ఆగదు కదా. అప్పుడు అమ్మ చీర మీద నాన్న ఖాకీ కోటు తొడుక్కుని, గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని నిలబడేది. ఎవరైనా పైకి చెబితే నాన్న ఉద్యోగం ఊడేది. ఎవ్వరూ చెప్పలేదు. డ్రైవర్లందరికీ తెలుసు, ఆమె నిలబడ్డ రోజున కూత కాస్త పొడుగ్గా వేసేవాళ్ళు. కోటు మోకాళ్ళ దాకా వచ్చేది, చేతులు మడిచినా జారిపోయేవి. బండి వెళ్ళిపోయేదాకా మా అమ్మ కన్నార్పేది కాదు. నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని. మా అమ్మ అంత గొప్పగా కనబడింది ఇంకెప్పుడూ లేదు. నా పెళ్ళైన ఏడాదికే పోయింది.

అందుకని మా బొమ్మ గేటు దగ్గర అమ్మను నిలబెట్టాను. అగ్గిపుల్లకు పత్తి చుట్టి, అమ్మ పాత చీర అంచు చుట్టాను. పైన నాన్న చిరుగుల కోటులోంచి కత్తిరించిన ఖాకీ ముక్క. కోటు పొడుగ్గానే కుట్టాను, చేతులు జారేటట్టే కుట్టాను. ఎత్తిన చేతికి జెండాగా పచ్చగుడ్డ పీలిక కట్టాను. మొత్తం నా చిటికెన వేలంత లేదు.

మా ఆయన చూసి మొహం చిట్లించారు. "రైల్వేలో ఆడమనిషి గేటు కాయడమేంటే? జడ్జీలు నవ్వరూ?"

అత్తయ్య అక్కడే ఒత్తులు చేసుకుంటోంది. బొమ్మను చేతిలోకి తీసుకుని దగ్గరగా పెట్టుకు చూసింది. "ఒరేయ్, అచ్చం మా వదినేరా. ఆ గేటు దాటుకునేగా నువ్వు బడికి పోయింది, అప్పుడు నవ్వులాటగా లేదే నీకు" అంది.

నేను తుమ్మజిగురుతో అమ్మను గేటు పక్కన అతికించాను.

మా ఇంట్లో కరెంటు లేదు. బండి నడిపి చూడాలంటే బడికి తీసుకెళ్ళాలి. బల్లలు ఎడ్లబండి మీద ఎక్కించి తీసుకెళ్ళారు, బడిలో మాస్టర్లందరి ముందూ నడిచిందట, చప్పట్లు కొట్టారట. మగపిల్లల బడికి నేను ఎట్లా వెళ్తాను? "నువ్వు గుంటూరులో చూద్దువుగాని, అక్కడ దీపాలూ అవీ ఉంటాయి, ఇంకా బాగుంటుంది" అన్నారు. నాకున్న కోరికల్లా ఒకటే. మా అమ్మ ముందు నుంచి బండి వెళ్తుంటే ఒక్కసారి చూడాలి. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "ఎందుకు చూడవూ" అన్నారు.

ఎగ్జిబిషన్‌కు ఎప్పుడు వెళ్ళాలనే దాని మీద ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మామూలు రోజుల్లో తొక్కిడి, కుర్రకారు, భుజాలు రాసుకుంటూ పోవడం. మా వైపు కాపు కుటుంబాల్లో కోడళ్ళను అట్లా తిప్పరు. అందుకనే ఎగ్జిబిషన్ వాళ్ళు ఒక సాయంత్రం ఆడవాళ్ళకని విడిగా పెట్టారు. ఆ సాయంత్రం లోపల మగపురుగు ఉండదు. "ఆ రోజైతే హాయిగా చూడొచ్చు" అన్నారు మా ఆయన. అత్తయ్య సరేనంది. నేనూ సంబరపడ్డాను. ముగ్గురం పెద్ద తెలివిగలవాళ్ళం, ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు మాచర్ల బండి ఎక్కి గుంటూరు వెళ్ళాం. మా గేటు దాటుతున్నప్పుడు కిటికీలోంచి చూశాను. ఎవరో కొత్తవాడు, జెండా చంకలో పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు. మా అమ్మ చూస్తే ఊరుకునేది కాదు.

ఎగ్జిబిషన్ గేటు దగ్గర కాలేజీ అమ్మాయిలు బ్యాడ్జీలు పెట్టుకుని నిలబడ్డారు. ఒకమ్మాయి మా ఆయన్ని ఆపింది. "మీరు రాకూడదండి. ఇవాళ ఆడవాళ్ళకే."

"తెలుసమ్మా, నేను ఇక్కడే కాఫీ హోటల్లో కూర్చుంటాను" అన్నారాయన తాపీగా.

అప్పుడు తట్టింది నాకు. "బావా, మరి బండెవరు నడుపుతారు?" అన్నాను.

ఆయన నా వంక చూశారు, లోపలి దీపాల వంక చూశారు. "అరె, అది ఆలోచించనే లేదే" అన్నారు. మోటారు మీట ఉన్న పెట్టెకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

అదెంత భాగ్యం అనుకున్నాను. చెయ్యి చాపాను. "తాళం ఇయ్యి. నేను తిప్పుకుంటా."

"నువ్వా?"

"ఆఁ, నేనే. కుడికి తిప్పితే నడుస్తుంది, ఎడమకు తిప్పితే ఆగుతుంది. రోజూ చెప్పి చెప్పి నువ్వేగా నా బుర్ర తిన్నది. బల్ల కింద వైర్లు లాగింది కూడా నేనే."

"లాగడం వేరు, నడపడం వేరు. రేపు జడ్జీలొస్తున్నారు. ఏదన్నా కాలిందనుకో, పరువు గంగలో కలుస్తుంది. వద్దులే."

"ఒక్కసారి బావా. ఒక్క చుట్టు."

"చెబుతుంటే నీక్కాదూ? బొమ్మంతా నువ్వు చూసిందేగా. తిరగడం ఒక్కటీ చూడకపోతే ఏమైపోతుంది?"

అత్తయ్యకు కోపమొచ్చింది. "ఇయ్యరా దానికి. చేతులు మండబెట్టుకుని చేసింది అది. నీ సొమ్మేం పోయింది?" అంది.

"నువ్వూరుకో అమ్మా, నీకు తెలీదు" అన్నారు. అని, జేబు మీద చెయ్యి వేసుకున్నారు. నేనేదో లాక్కుంటానన్నట్టు. ఆ చెయ్యి ఈనాటికీ నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. వెనక ఆడవాళ్ళు తోసుకొస్తున్నారు. లోపలికి వెళ్ళాం.

మా మోడల్ చుట్టూ తాడు కట్టి ఉంది. పైన ఎర్రటి బల్బు. ముందు అట్ట మీద మా ఆయన పేరు, బడి పేరు, దాని కింద 'ముట్టుకోరాదు'. బండి స్టేషన్లో కదలకుండా నిలబడి ఉంది. నా కళ్ళం, నా బేళ్ళు, నా చెట్లు. దీపాల కింద నిజంగానే ఇంకా బాగున్నాయి. ఆడవాళ్ళు మూగి చూస్తున్నారు. "ఇది నడవదా?" అని ఒకావిడ అడిగింది. "నడిపే ఆయన మగాయనంట, బయటున్నాడంట" అంది ఇంకొకావిడ. "ఇంకేం చూస్తాం, పా" అని వెళ్ళిపోయారు.

గేటు దగ్గర రెమ్మ ఒకటి పక్కకు ఒరిగింది. సరిచేద్దామని తాడు మీదుగా చెయ్యి పెట్టాను. స్టాలు చూసుకుంటున్న అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చిన్నపిల్ల, మర్యాదగానే చెప్పింది. "అమ్మా, ముట్టుకోకండి. ఎవరో మాస్టారు పాపం ఎంతో కష్టపడి చేశారంట."

అత్తయ్య నోరు తెరిచింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఏమని చెబుతాం? ఆ మాస్టారి పెళ్ళాన్ని, చేసింది నేనే అంటే ఆ పిల్ల నమ్ముతుందా? నమ్మితే మాత్రం బండి కదులుతుందా?

అమ్మ గేటు పక్కన నిలబడి ఉంది, చెయ్యెత్తి, పచ్చజెండా పట్టుకుని. రాని బండి కోసం నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. జ్వరమొచ్చిన మొగుడి బదులు ఎండలో నిలబడింది చాలదా, చచ్చాక కూడా ఇక్కడ, ఎవరి పేరో రాసిన అట్ట వెనక నిలబడాలా అనిపించింది. స్టాలు అమ్మాయి అటు తిరిగింది. నేను చెయ్యి చాపి, అమ్మను జిగురు పట్టు ఊడేలా తిప్పి, తీసేశాను. కొంగున వేసి ముడి వేసుకున్నాను. అత్తయ్య చూసింది.

మమ్మల్ని ఇంటికి చేర్చి, పొద్దున్నే ఆయన మళ్ళీ గుంటూరు వెళ్ళారు. చీకటి పడ్డాక తిరిగొచ్చారు, చేతిలో వెండి కప్పు. మొదటి బహుమతి. మోడల్ చాలా బాగుందనీ, ఎవరో పెద్ద ఆఫీసరు దాన్ని తమ ఆఫీసు హాల్లో పెట్టడానికి అడిగాడనీ, బడివాళ్ళు ఒప్పుకున్నారనీ చెప్పారు. అంటే అది ఇక ఇంటికి రాదు. ఆయన కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. నేను వడ్డించాను. జడ్జీలు ఏమడిగిందీ, తాను ఏం చెప్పిందీ, బండి ఒక్కసారి కూడా పట్టా తప్పకుండా ఎన్ని చుట్లు తిరిగిందీ, అంతా పూసగుచ్చినట్టు చెబుతున్నారు. గుమ్మం దగ్గర అత్తయ్య వింటోంది.

నేను అడిగాను. "గేటు దగ్గర మా అమ్మను చూశారా వాళ్ళు?"

"చూడకేం? నవ్వుతారనుకున్నాను గానీ, దాన్నే మెచ్చుకున్నారు. ఆ కోటూ, ఆ జెండా పట్టుకున్న తీరూ, ప్రాణమున్నట్టే ఉందన్నారు. బండి దాని ముందు నుంచి పోతుంటే నీకు చూపించలేకపోయానే అనిపించింది నాకు."

అత్తయ్య లేచి వసారాలోకి వెళ్ళిపోయింది. అమ్మ నా కొంగు ముడిలో ఉంది, అగ్గిపుల్ల కొస నడుముకు గుచ్చుకుంటోంది. విప్పి ఆయన ముందు పెడదామా అనుకున్నాను. పెట్టలేదు. ఇంకాస్త మజ్జిగ పొయ్యనా అని అడిగాను.