తాగనివాడి సాక్ష్యం

పంజాగుట్టలోని ఒక పట్టుచీరల కొట్టులో, మేడ మీద పరిచిన తెల్ల పరుపుల మధ్య మోకాళ్లూని కూర్చుని, యేసురాజు పెళ్లయిన నాటి నుంచీ చీరలు విప్పుతున్నాడు. మడత అంచు పట్టుకుని ఒక్క విసురు విసిరితే చీర నీళ్లలా పారి, కొనేవాళ్ల ఒళ్లో ఆగాలి. తర్వాత కొంగు తన భుజం మీదే వేసుకుని చూపించాలి. యాభై దాటిన మగమనిషి భుజాన పెళ్లిచీర చూసి అక్కడ ఎవరూ నవ్వరు. ఆ కాసేపు అతను మనిషి కాదు, దండెం.

ఈ వేసవి నుంచి అతని భుజం మీద చీరలు వణుకుతున్నాయి. జరీలో దీపాల వెలుగు చెదిరి, గాలికి కదిలిన నీటి మీద ఎండలా మెరుస్తోంది.

"అబ్బ, మస్తు మెరుస్తుంది గదా!" అని మురిసిపోయి ఒకామె ఆ చీరే కట్టించుకుని పోయింది. యేసురాజు చేతులు రెండూ ఒళ్లోకి తీసుకుని, ఏడ్చే పిల్లల్ని పట్టుకున్నట్టు ఒకదాన్ని ఒకటి పట్టుకుని కూర్చున్నాడు.

అంతకు ముందు ఏడాది చేతులు వణకలేదు. వణకడానికి వాటిలో ఏమీ లేదు. అతనికి ఏ కష్టమూ రాలేదు, ఎవరూ పోలేదు, ఎవరితోనూ గొడవ లేదు. అదే చెప్పుకోరాని సంగతి. ఒక పొద్దున లేచేసరికి ఒళ్లు తడిసిన దుప్పటిలా బరువెక్కింది, ఆ తడి ఆరలేదు. అన్నం అన్నంలా లేదు. మనుషుల మాటలు దూరంగా పోతున్న బస్సు చప్పుళ్లలా వినపడేవి. ఒక సాయంత్రం అమీర్‌పేట మెట్రో ప్లాట్‌ఫారం మీద, పసుపు గీత పక్కన, వచ్చిన రైలునల్లా వదిలేస్తూ పట్టాలకేసి చూస్తూ నిలబడిపోయాడు. ఇంటికొచ్చి ఆ మాట భార్యకు చెప్పాడు. తబితా అమీర్‌పేటలో కోచింగులకొచ్చిన ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకుంటుంది. ఆమె మర్నాడు పనికి సెలవు పెట్టి అతన్ని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఎర్రగడ్డ అంటే ఈ ఊళ్లో పేట పేరు కాదు, తిట్టు. అందుకే యేసురాజు ఓపీకి పోయినప్పుడల్లా కూరగాయల సంచి పట్టుకుపోయేవాడు. ఎర్రగడ్డ స్టేషన్‌లో ఎవరైనా ఎదురుపడితే రైతుబజారుకని చెప్పొచ్చు. వచ్చేటప్పుడు సంచి అడుగున గోలీలు, వాటి మీద వంకాయలు, వంకాయల మీద కొత్తిమీర. ఇంటికి చేరేసరికి గోలీల పొట్లానికి కొత్తిమీర వాసన పట్టేది.

గోలీలు పనిచేశాయి. కొన్ని వారాలకు, ఒక పొద్దున కుక్కర్ కూతకు అతనికి విసుగొచ్చింది. విసుగొచ్చినందుకు ఎంత సంతోషం వేసిందో! ఆ రోజు పచ్చడి అడిగి వేయించుకున్నాడు.

తర్వాత చేతులు మొదలయ్యాయి. "కొందరికి ఈ మాత్రలకు చేతులు వణుకుతాయి. ఎక్కువైతే చెప్పండి, ఏదో ఒకటి చేద్దాం. మీ అంతట మీరు మానకండి" అని డాక్టరమ్మ ముందే అంది. కాని ఆమె "ఎట్లుంది?" అని అడిగినప్పుడల్లా అతను చేతులు బల్ల కింద పెట్టుకుని "మంచిగుంది మేడం" అనేవాడు. వణుకు సంగతి చెబితే గోలీ మార్చేస్తారేమో, మారిస్తే ఆ తడి దుప్పటి మళ్లీ మీద పడుతుందేమో అని భయం.

కొట్టులో వణుకు జరీ మెరుపులో కలిసిపోయింది. చర్చిలో దాగలేదు.

అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో వాళ్ల సంఘం కూడుకుంటుంది. నెలలో మొదటి ఆదివారం బల్లారాధన. రొట్టె పంచాక, వేలెడంత గాజు గ్లాసుల్లో ద్రాక్షరసం నింపిన ట్రే పట్టుకుని వరుస వరుసకీ పోయి అందించడం యేసురాజు పని. అంతకు ముందు ఆ పని అతని తండ్రి చేసేవాడు. యేసురాజుకు వేరే పేరు లేదు, పదవి లేదు. కొట్టులో దండెం, ఇంట్లో అలికిడి లేని మనిషి. నెలకొక్కసారి ఆ ట్రే వెనక నడిచేటప్పుడు మాత్రం తన అడుగుల చప్పుడు తనకు వినపడేది.

ఆ నెల గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్న వాళ్లు ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. అందరూ అత్తమ్మా అని పిలిచే ముసలావిడ వజ్రమ్మ దగ్గర వంగినప్పుడు రెండు గ్లాసులు ఒరిగి ఆమె తెల్లచీర మీద పడ్డాయి.

"ఏందిరా, చెయ్యి ఆగుతలేదా?" అంది వజ్రమ్మ. ఊరికే అడిగింది. కాని వెనక వరుసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు. పొద్దున్నే చెయ్యి వణికితే దానికి ఈ పేటలో ఒక్కటే అర్థం.

వచ్చే బల్లారాధనకు చెయ్యి ఆగాలని యేసురాజు తబితాకు చెప్పకుండా గోలీలు మానేశాడు. కొద్ది రోజులకే వణుకు తగ్గింది. తల లోపల మాత్రం ఏదో తీగ తెగి తగులుతున్నట్టు జివ్వుమనేది. ఆదివారం పొద్దున తబితా ఇస్త్రీ చొక్కా తెచ్చి పక్కన పెట్టింది. అతని చేతులు దుప్పటి మీద కదలకుండా, చక్కగా ఉన్నాయి. లేవడానికే మనిషి లేడు. ఆమె తలగడ కింద మిగిలిపోయిన గోలీలు చూసి, ఒకటి తీసి అతని నోట్లో వేసి నీళ్లు పట్టి, ఒక్కతే చర్చికి పోయింది.

"శనివారం రాత్రి మస్తు అయినట్టున్నది పాపం" అన్నారు అక్కడ.

మళ్లీ గోలీలు వేసుకుంటూ అతను లేచి తిరుగుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం పాస్టర్ నేతన్, సంఘ పెద్ద ఐలయ్య ఇంటికొచ్చారు. తబితా హాస్టల్లో ఉంది. యేసురాజు చాయ్ పెట్టి తెచ్చాడు. ప్లేట్లో గ్లాసులు గలగలమంటుంటే ఐలయ్య లేచి ప్లేటు అందుకున్నాడు.

"కూసో తమ్మీ, మేం తీసుకుంటం" అన్నాడు. ఆ గొంతులో ఎంత మెత్తదనముందో!

పాస్టర్ చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. "అన్నా, లోపల దాసుకుంటే బరువే. మనం కుటుంబం గదా. ఏమున్నా చెప్పున్రి" అన్నాడు.

యేసురాజు నోరు తెరిచాడు. అప్పుడే ఐలయ్య అందుకున్నాడు. "ఏముంటది పాస్టర్? మనోడేమన్న ఎర్రగడ్డ కేసా? మంచోడు. ఏదో జర అలవాటైంది. మా నాయన తాగలేదా? మా బామ్మర్ది తాగలేదా? ప్రభువు ఇడిపించిండు."

తెరిచిన నోరు మూతపడింది. తల దించుకున్నాడు. దించిన తలను వాళ్లు ఒప్పుకోలు అనుకున్నారు. ఐలయ్య కుర్చీలోంచి లేచి వచ్చి అతన్ని కావలించుకున్నాడు. పెద్ద ఒళ్లు, చెమట, సెంటు వాసన. ఏడాదిన్నరలో తబితా తప్ప ఎవరూ అతన్ని అంత దగ్గరకు తీసుకోలేదు. యేసురాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ప్రేమ తనది కాదనీ, తన పేరున్న ఇంకెవరో తాగుబోతుదనీ అతనికి తెలుసు. తెలిసే, ఆ భుజం మీద తల ఆనించాడు.

"వచ్చే బల్లారాధనల సాక్ష్యం చెప్పు. పడ్డ, లేచిన, గంతే. గా ట్రే మళ్ల నీదే" అన్నాడు ఐలయ్య.

తబితాకు ఈ సంగతి ఆడవాళ్ల ప్రార్థన కూడికలో తెలిసింది. ఎవరో చెయ్యి పట్టుకుని, నీ కష్టం మాకు తెల్వదా అక్కా అని ఓదార్చారు. ఇంటికి రాగానే చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడింది.

"ఏమయ్యా, ఎప్పటిసంది తాగుతున్నవు? నాకు జర చెప్పకపోతివి, మంచింగు చేసిపెడుదును గదా."

అతనికి నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"నేను తాగిన అనలే."

"తాగలే అన్నవా?"

"తాగుడంటే వాళ్లకు తెలుసు తబితా. దానికి సాక్ష్యం ఉంది, పాట ఉంది, చప్పట్లున్నయి. నా దానికి ఏమున్నది? నెత్తి మీద చేతులు పెట్టి, దయ్యం పో అని అరుస్తరు. విశ్వాసం లేదంటరు. గోలీలు పారెయ్యమంటరు. నాకు వాదులాడే ఓపిక లేదు."

"మరి నాకున్నదా ఓపిక?" అంది ఆమె, అప్పుడు చెప్పులు విడుస్తూ. "పొద్దుగాలసంది అంత మందికి వండి వచ్చిన. ఇగ తాగుబోతు పెండ్లాంగ సుత నన్ను చెయ్యమంటున్నవు."

బయట పిల్లల్ని పిలిచే కోచింగ్ బోర్డుల లైట్లు వాళ్ల గోడ మీద ఎర్రగా, నీలంగా మారుతూ ఉన్నాయి. ఆ రంగుల్లో ఇద్దరూ అన్నం తిన్నారు.

బల్లారాధన నాడు యేసురాజు మైకు ముందు నిలబడ్డాడు. "నేను పడిపోయిన. లేచే ఓపిక లేకుండె. ఇప్పుడు జర జర లేస్తున్న" అన్నాడు. అందులో ఒక్క అబద్ధమూ లేదు. తక్కింది ఐలయ్య పూర్తి చేశాడు. "మా తమ్ముడు తాగుడు ఇడిసిపెట్టిండు! హల్లెలూయా!" హాలంతా చప్పట్లు. ఎవరో పాట ఎత్తుకున్నారు. పాట నడుస్తుండగా ఐలయ్య ట్రే తెచ్చి అతని చేతుల్లో పెట్టి, "వణికినా ఫికర్ లేదు. తాగుడు మానినంక కొన్నాళ్లు గట్లనే ఉంటది" అని చెవిలో అన్నాడు.

గ్లాసులు గలగలమన్నాయి. ఈసారి ఎవరూ మొహం చిట్లించలేదు. జాగ్రత్తగా, ప్రేమగా, ఒక్కొక్కరూ తమ గ్లాసు తీసుకున్నారు. ఒకాయన ట్రే అడుగున చెయ్యి ఆసరా పెట్టాడు. అబద్ధం ఎంత హాయిగా ఉందంటే, యేసురాజుకు అందులోనే పడుకుని నిద్రపోవాలనిపించింది.

మూడో వరుస చివర తబితా కూర్చుంది. పక్కన వజ్రమ్మ. ట్రే ముందుకు చాపాడు. తబితా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు.

"తీసుకో" అన్నాడు మెల్లగా.

"ఎవల చేతులకెల్లి?" అంది ఆమె, అంతకన్నా మెల్లగా. "తాగుబోతు చేతులకెల్లా, నా మొగుని చేతులకెల్లా?"

పాట అయిపోయింది. వెనక వరుసలు ఎదురుచూస్తున్నాయి. ఆమె మొహంలో కోపం లేదు. పొయ్యి దగ్గర దినమంతా నిలబడ్డ మనిషి మొహం అది. గ్లాసు తీసుకోకుండా ఆమె ఏనాడూ ఇంటికి పోలేదు. ఈరోజు పోతుందని అతనికి అర్థమైంది. ఇక నిలబడలేక బెంచీ చివర కూర్చుని, ట్రే మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"తాగుడు కాదత్తమ్మా" అన్నాడు. తబితాతో అనాల్సింది వజ్రమ్మతో అన్నాడు, ముసలావిడ వైపు చూడటం తేలిక కనక. "నేను ఎన్నడు తాగలే. ఎర్రగడ్డల చూపిచ్చుకుంటున్న. గా గోలీలకు చేతులు వణుకుతున్నయి."

"నీకు పిచ్చేందిరా?" అంది వజ్రమ్మ. గుసగుసగా మాట్లాడటం ఆవిడకు ఎప్పుడూ చేతకాదు. ముందు రెండు వరుసలూ తలలు తిప్పాయి.

"మనసు బాగలేకుండె. బతకబుద్ధి కాకుండె."

"మరి గిన్ని దినాలు తాగుబోతువని ఎందుకు అనిపిచ్చుకున్నవు?"

"తాగుబోతునైతే అందరు కావలించుకుంటుండ్రు అత్తమ్మా."

వజ్రమ్మ ట్రే అతని మోకాళ్ల మీద నుంచి తన మోకాళ్ల మీదికి లాక్కుంది. తబితా ఒక గ్లాసు తీసుకుని కళ్లు మూసుకుని తాగింది. ట్రే బెంచీ వెంట చేతులు మారుతూ పోయింది. దానికంటే ముందు ఆ మాట పోయింది. కొందరు గ్లాసు తీసుకుని అతనికేసి చూశారు, కొందరు చూడలేదు. ఒక తల్లి పక్కనున్న పిల్లను ఇవతలికి జరుపుకుంది. ముందు నిలబడ్డ ఐలయ్య చేతులు, చప్పట్ల మధ్యలో ఆగినట్టు, ఒకదానికొకటి దూరంగా ఉండిపోయాయి.

ఆరాధన అయ్యాక ఎవరూ కావలించుకోలేదు. "కమిటీల మాట్లాడుదాం తీ" అని ఐలయ్య బూట్లు వెతుక్కుంటూ పోయాడు. పాస్టర్ వచ్చి యేసురాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. వణుకు అతని చేతుల్లోకి కూడా పాకుతుంటే అట్లాగే పట్టుకుని ఉండి, కాసేపటికి వదిలేశాడు.

మెట్ల మధ్యలో యేసురాజు ఆగాడు. "జరసేపు కూసుంట" అన్నాడు. తబితా కూడా కూర్చుంది. సంఘం వాళ్ల చీరలు, పాంట్లు, పిల్లల చెప్పులు వాళ్ల పక్క నుంచి దిగిపోయాయి. కొన్ని అడుగులు దగ్గరకొచ్చి మెల్లగయ్యాయి, కొన్ని తొందరపడ్డాయి. ఏవి ఎవరివో అతను తలెత్తి చూడలేదు. ట్రే పోయిందో ఉందో తెలియదు. ఒళ్లంతా నొప్పిగా ఉంది. కాని ఏడాదిన్నరగా మోసిన అలసటకు కారణం లేదు, దీనికి ఉంది. బరువు దింపిన హమాలీ అలసట ఇది.

"బుధవారం ఓపీ" అంది తబితా. "నేను సుత వస్త. చేతుల సంగతి డాక్టరమ్మకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త."

"మంచిగుంది మేడం అంటవు మళ్ల."

"అనను."

ఆమె నమ్మినట్టు లేదు. అయినా లేచి, చెయ్యి చాపింది. వణుకుతున్న చెయ్యి అందుకుని, అతని బరువంతా లాగి నిలబెట్టింది.