పళ్ళసెట్టు మెత్త

మిర్యాలగూడ నుంచి కోదాడ పోతున్న బస్సులో నా కింది పళ్ళసెట్టు జేబులో ఉంది. చిగుళ్ళు ఒరుసుకోకుండా లోపల వేయించిన మెత్తటి పొర మళ్ళీ ఊడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని టికెట్ అడిగితే, ఉబ్బిన నా జేబు చూసి పక్కసీటు పెద్దమ్మకు సంగతి అర్థమైపోయింది.

నేరేడుచర్లలో ఆమె కాల్చిన మక్కకంకి కొన్నది. కొరికే ముందు తన సెట్టు బయటికి తీసి, లోపలి మెత్తను గోరుతో గట్టిగా లాగింది.

"సూడు బిడ్డా, ఊడుతలేదు. ముందు నాది గూడ ఊడింది. సూర్యాపేట డాక్టరమ్మ ఈసారి సెట్టును గరుకుగ గీకి, బంక రాసి, గప్పుడేసింది మెత్త. నున్నటి గోడకు గాట్లు పెట్టకుంటే సిమెంటు పడ్తదా?"

"బస్సుల గిట్ల తీస్తరా పెద్దమ్మా?"

"నీ లెక్క జేబుల పెట్టుకోవాల్నా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి. ఆమె సీసా నీళ్ళతో సెట్టు కడిగి పెట్టుకుని, కంకి మీద ఒక్క గింజ మిగల్చలేదు.

నేనూ సూర్యాపేట పోయి అట్లాగే వేయించుకున్నాను. ఇప్పటిదాకా ఊడలేదు. కానీ బస్సులో ఎవరైనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడితే, సెట్టు తీసి చూపిద్దామని నా చెయ్యి నా పళ్ళ మీదికి పోతది. పక్కనుంటే మా ఆవిడ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంటది.