కాగితాల దారిలో తోర్వాల్డ్

తోర్వాల్డ్ హేగెన్ కాళ్లకు ఎప్పుడు చూసినా రబ్బరు తోటల కూలీలు వేసుకునే నల్ల రబ్బరు బూట్లే ఉంటాయి. మలేషియాలోని ఈ పినాంగ్ దీవికి కొత్తగా కాపురానికొచ్చిన విదేశీయులు మొదట ఖరీదైన బూట్లతో, గుండె చప్పుడు చెప్పే గడియారాలతో దిగుతారు. కొండ మీది జిగట మట్టిలో నాలుగుసార్లు పిర్రల మీద జారాక, ఎయిర్ ఇతమ్ బజారుకు పోయి అవే రబ్బరు బూట్లు కొనుక్కుంటారు. నేనూ అలా జారినదాన్నే. నా పేరు గ్వెండా. వేల్స్ నుంచి నర్సు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

మా సోమవారం పరుగుల గుంపులో ఒక పద్ధతి ఉంది. వంతు వచ్చినవాడు మధ్యాహ్నమే వెళ్లి, కొండల్లో కాగితం ముక్కలు చల్లుకుంటూ దారి వేసి వస్తాడు. సాయంత్రం మిగతావాళ్లం ఆ ముక్కల వెంట పరిగెత్తి చీకటి పడేలోగా బయలుదేరిన మైదానానికే తిరిగి చేరాలి. మధ్యమధ్య కాగితాలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. అక్కడి నుంచి అసలు దారి ఒకటే ఉంటుంది, దొంగదారులు రెండు మూడు ఉంటాయి. దూకుడుగా పోయిన కుర్రకారు దొంగదారుల్లో తిరుగుతుంటే వెనకబడినవాళ్లు వచ్చి అందుకుంటారు. ముందు చేరినవాడికి మెప్పు లేదు సరికదా, పందెం అనుకున్నావా అని ఐసుగడ్డ మీద కూర్చోబెట్టి, చుట్టూ చేరి పాటలు కట్టి ఏడిపిస్తారు.

నా పని అందరికంటే వెనక నడుస్తూ అడవిలో ఎవరూ మిగిలిపోకుండా చూడటం. అందుకని కొన్నేళ్లుగా నేను ఎక్కువగా చూసింది తోర్వాల్డ్ వీపునే. ఆ వీపు నాకు ఒక చిక్కుప్రశ్న. కాగితాలు ఆగిపోయిన చోట అందరూ బిక్కమొహాలు వేసుకుని నాలుగు దిక్కులకూ పరిగెత్తుతుంటే, ఈ మనిషి మాత్రం చెట్టుకు చేరగిలబడి, జేబులోంచి ఊరబెట్టిన జాజికాయ ముక్క తీసి తాపీగా నమిలేవాడు. అతని స్నేహితుడు బెంగ్ హువాట్ వేసిన దారుల్లోనైతే మరీ ధీమాగా ఉండేవాడు.

"నీకు దారి తెలుసు కదూ?" అని ఎన్నోసార్లు అడిగాను.

"తెలిస్తే ఇక్కడ నీతో కబుర్లెందుకు, ఎప్పుడో పోయేవాణ్ణి కదా," అని మాట తప్పించేవాడు. నాకసలే ఆరాలెక్కువ. ఆ జవాబు ఎన్నడూ మింగుడుపడలేదు.

అతనిది నార్వే. ఓడలో ఇంజన్లు చూసేవాడు. జ్వరంతో ఇక్కడి ఆసుపత్రిలో పడి ఉండగా ఓడ వెళ్లిపోయింది. జ్వరం తగ్గింది, రేవులో పని దొరికింది, ఇక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు. ఆమె పోయాక మనిషి కుర్చీలోంచి లేవడం మానేసి, పీపాలాగా ఊరిపోయాడట. ఒకరోజు కుళాయి వాషరు కోసం బెంగ్ హువాట్ ఇనపసామాన్ల కొట్టుకు వెళ్లాడు. గడప ఎక్కేసరికే ఆయాసంతో తలుపు పట్టుకున్నాడు.

బెంగ్ హువాట్ ఎగాదిగా చూసి, "కుళాయి సంగతి తర్వాత చూసుకుందువుగానీ, ముందు నిన్ను నువ్వు బాగుచేసుకో. సోమవారం రా," అన్నాడట. వాషరు మాత్రం ఇవ్వలేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా తోర్వాల్డ్ ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

అప్పట్నుంచీ ఒకడు లేనిదే ఇంకొకడికి ముద్ద దిగదు. ఇద్దరూ ఒకచోట ఉంటే వాళ్ల కీచులాటకు పక్కవాళ్లకు ముద్ద దిగదు.

అలాంటి బెంగ్ హువాటే మొన్న వానల్లో కొత్త మెలిక పెట్టాడు. అంతకుముందు వారం కొత్తగా వచ్చిన ఇంజినీరు ఒకాయన వెనకబడి దారి తప్పితే, అందరం టార్చీలు వేసుకుని దురియన్ పండ్ల తోటల్లో వెతికి తెచ్చాం. ఆ గొడవ పట్టుకుని బెంగ్ హువాట్ లేచాడు. వరసగా రెండు సోమవారాలు చీకటి పడేలోగా రాలేనివాళ్లు గుంపు వదిలి గురువారం నడకవాళ్లలో చేరాలన్నాడు. నడకవాళ్లంటే జలాశయం గట్టున గొడుగులు వేసుకుని తిరిగే పెద్దవాళ్లు. అందరి చూపులూ తోర్వాల్డ్ వాచిన కుడి మోకాలి మీదికే పోయాయి.

"ఎవరి గురించిరా నువ్వు చెప్పేది?" అన్నాడు తోర్వాల్డ్.

"మోకాలు ఎవరికి మొరాయిస్తే వాళ్ల గురించి."

చేతులెత్తించారు, నెగ్గింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల స్నేహితుణ్ణి నలుగురిలో అలా చిన్నబుచ్చుతారా ఎవరైనా? పోయిన సోమవారం తోర్వాల్డ్ వచ్చేసరికి చీకటి పడి కార్ల లైట్లు వెలిగించేశారు. అంటే ఈ సోమవారం కూడా ఆలస్యమైతే ఇక అంతే.

"పరుగు పోతుందని కాదు నా బాధ, గ్వెండా. గట్టు మీద ఒంటరిగా రెండు వారాలు నడుస్తాను, మూడో వారం బద్ధకిస్తాను. మళ్లీ ఆ కుర్చీలోనే పడతాను. ఆ కుర్చీ అంటే నాకు భయం," అన్నాడు తోర్వాల్డ్, ఆ సోమవారం కారులో వెళ్తుంటే. అతను భయమన్న మాట అనడం అప్పుడే విన్నాను.

ఇంత కష్టం చాలనట్టు ఆ వారం దారి వేసే వంతు బెంగ్ హువాట్‌దే. బాలిక్ పులావ్ ఊరి తోటల పక్క మైదానంలో కారు తలుపు తెరుచుకుని సీట్లోనే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవనైనా లేవలేదు.

"దారి ఎలా వేశావ్?" అని అడిగాడు తోర్వాల్డ్.

"పోయి చూసుకో. నోటితో చెబితే అయిపోయేదానికి మధ్యాహ్నమంతా నేనెందుకు చచ్చాను?"

మా అందరిలో వేగంగా పరిగెత్తేది ఇస్కందర్ అనే లాయరు. అతను బూట్లు బిగించుకుంటూ, "అంకుల్, టార్చి తెచ్చుకున్నారా?" అన్నాడు.

"తెచ్చుకున్నాను నాయనా, నిన్ను వెతకడానికి," అన్నాడు తోర్వాల్డ్.

బయలుదేరాం. మొదటి మలుపు తిరిగేలోపే కుర్రాళ్లు కనుమరుగయ్యారు. తోర్వాల్డ్ పళ్లు బిగబట్టి, కుడికాలు ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాడు. నేను వెనక నడుస్తూ నా అలవాటు ప్రకారం నేల చూస్తున్నాను. కాగితాల పక్కన తడిమట్టిలో గుండ్రటి గుంటలు కనిపించాయి, గొడుగు కొస గుచ్చినట్టు. దారి కూడా వింతగా ఉంది. బెంగ్ హువాట్ దారి అంటే శిఖరం దాకా లాక్కుపోయి ఊపిరి తీస్తుంది. ఇది కొండ నడుమును పట్టుకుని చదునుగా పోతోంది. ఎందుకో అర్థం కాలేదు.

కాగితాలు చివరిసారి ఆగిపోయిన చోటికి చేరేసరికి, పొద్దుగుంకే ముందు కూసే పురుగుల రొద మొదలైంది. కుర్రాళ్ల కేకలు కింద వాగులోంచి వినిపిస్తున్నాయి. మా ముందు రెండు బాటలు. ఒకటి వాగులోకి దిగుతుంది, ఇంకొకటి బండరాయి చుట్టూ తిరుగుతుంది. రెంటి మొదట్లోనూ దాతో కోంగ్ ఎర్రగూళ్లు ఉన్నాయి. ఆ కొండను కాచే దేవుడని, పెద్దాయన అని ఇక్కడివాళ్లు కొలిచే ఆయన కోసం కట్టిన గూళ్లవి.

తోర్వాల్డ్ ఈసారి జాజికాయ ముక్క తీయలేదు. వాగువైపు గూడులోకి తొంగిచూశాడు. పాత బూడిద, ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. బండవైపు గూడు దగ్గరికి కుంటుకుంటూ వెళ్లాడు. అక్కడ కొత్తగా కాలిన అగరుపుల్లల మొదళ్లు ఉన్నాయి, చిన్న గాజుగ్లాసులో పాలు లేని కాఫీ ఇంకా నిండుగానే ఉంది.

"తప్పు చేస్తున్నాను," అని గొణిగి బండవైపే నడిచాడు.

"ఏం తప్పు? ఆగు, చెప్పి కదులు," అన్నాను.

"మనల్ని ఎవరి కొండ మీదికి తీసుకెళ్లినా బెంగ్ హువాట్ అక్కడి పెద్దాయన్ని అడగకుండా తీసుకెళ్లడు. అగరుపుల్ల వెలిగించి, కాఫీ పెట్టి, మావాళ్లొస్తున్నారు, కాస్త చూసుకోండని చెప్పుకుంటాడు. దొంగదారికి ఆ పని ఉండదు. ఆ వైపు ఎవరూ ఎక్కువ దూరం పోరు కదా."

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటి ఏడాదే."

"మరి ఇన్నాళ్లూ తెలియనట్టు నిలబడ్డావెందుకు?"

"వాడు పాపం ఎండలో చెమటోడ్చి మనల్ని బోల్తా కొట్టించాలని చూస్తాడు. ఆ సరదా చెడగొట్టడానికి మనసు రాలేదు. ఈవేళ తప్పలేదు."

ఇన్నేళ్ల నా ప్రశ్నకు జవాబు దొరికింది. బండ దాటగానే కాగితాలు కనిపించాయి. దారి దొరికినవాడు అరిచి చెప్పాలన్నది గుంపు పద్ధతి కాబట్టి, తోర్వాల్డ్ "కాగితం, కాగితం" అని గొంతు చించుకుని అరిచాడు. వాగులో ఉన్నవాళ్లు పైకెక్కి రావాలంటే చాలాసేపు పడుతుంది. మేమిద్దరం మైదానంలో అడుగుపెట్టేసరికి మనిషి మొహం గుర్తుపట్టేంత వెలుతురు ఉంది.

బెంగ్ హువాట్ గోనెసంచి మీద పెట్టిన ఐసుగడ్డ పక్కనే కూర్చున్నాడు. తోర్వాల్డ్‌ను చూసి అతని మొహం వాడిపోయింది. ఓడిపోయిన కోపం కాదు అది. పండగ పూట ఇంటికి వస్తాడనుకున్న చుట్టం రాలేదని తెలిసినవాడి మొహం.

"నువ్వా?" అన్నాడు.

"నేనే. వెలుతురుంది, కళ్లు విప్పి చూసుకో."

కాసేపటికి మిగతావాళ్లు బురదలో తడిసి వచ్చారు. తోర్వాల్డ్ ముందు వచ్చాడని తెలిసి ఇస్కందర్ నోరు వెళ్లబెట్టాడు. అందరూ చుట్టూ చేరి అతన్ని ఐసుగడ్డ మీద కూలేశారు. పాటలు, వెక్కిరింతలు, చల్లదనానికి అతని మెలికలు. నేను మాత్రం బెంగ్ హువాట్‌నే చూస్తున్నాను. అతని వెనక గడ్డిలో ఒక చేతికర్ర ఉంది. కొసకు తడిమట్టి అంటుకుని ఉంది.

"కర్ర ఎవరిది?" అని అందరూ వినేటట్టే అడిగాను. పాట ఆగింది.

బెంగ్ హువాట్ తల దించుకున్నాడు. "నాదే. తుంటి అరిగిపోయిందట. కొండలెక్కితే ఇక మంచమే అన్నాడు డాక్టరు. ఇదే నా ఆఖరి దారి. గురువారం నడకవాళ్లలో చేరమన్నాడు."

"మరి నాతో చెప్పలేదేం?" అన్నాడు తోర్వాల్డ్.

"ఏమని చెప్పను? ఆ గొడుగులవాళ్ల మధ్యకు ఒక్కణ్ణే పోవాలంటే కాళ్లాడలేదు. నువ్వెలాగూ చీకటి పడ్డాక గానీ రావు కదా. ఆ నియమం పెడితే నువ్వూ వచ్చి పడతావనుకున్నాను. నువ్వేమో ఈవేళే ముందొచ్చి చచ్చావు."

నా ఒంట్లో ఇన్నాళ్లూ మండుతున్న మంట ఏమైపోయిందో తెలియలేదు. ఐసు కరిగి తోర్వాల్డ్ నిక్కరులోంచి కారుతోంది. అతను ఒక పక్కకు జరిగాడు.

"ఇలా వచ్చి కూర్చో."

"నేనెందుకు? నేనేం ముందు రాలేదే."

"తోడు రమ్మంటే నేను ఎప్పుడైనా రానన్నానా? అడక్కుండా ఉన్నందుకు కూర్చో."

ఇస్కందర్ రెక్క పట్టుకుని లేపాడు. బెంగ్ హువాట్ మూలుగుతూ వచ్చి ఆ ఐసుగడ్డ మీద మిగిలిన చోటులో కూర్చున్నాడు. కూర్చున్న మరుక్షణం చలికి కెవ్వుమన్నాడు.

"గురువారం ఎన్నింటికి?" అని అడిగాడు తోర్వాల్డ్.

"ఐదింటికి."

"సరే. గొడుగు మాత్రం నువ్వే పట్టుకోవాలి."