ఐదో వత్తి

సినిమాకి ఆలస్యంగా వచ్చేవాళ్ళంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళుమంట. ఫోన్ లైటు వేసుకుని, అందరి కాళ్ళూ తొక్కుకుంటూ, పాప్‌కార్న్ ఒలకబోసుకుంటూ వస్తారు. ఏమన్నా అంటే, కథ ఇంకా మొదలవలేదుగా అంటారు. మా ఇంట్లో అసలు సినిమా కథ మొదలయ్యేలోపే అయిపోయేది. తెర మీద సినిమా తీసిన కంపెనీ బొమ్మ పడి వెళ్ళిపోగానే మా అమ్మ కొంగు సర్దుకుని, కుర్చీలో వెనక్కి వాలి, ఇంటర్వెల్ దాకా హాయిగా నిద్రపోయేది.

ఎందుకంటే ఆ బొమ్మలో దీపం వెలిగించే చేతులు ఆమెవి.

ఆ కంపెనీ ఇప్పుడు లేదు. కోస్తా నుంచి వచ్చిన ఒక పెద్దాయన శ్రీనగర్ కాలనీలో రెండు గదులు అద్దెకు తీసుకుని మొదలుపెట్టాడు. మొదటి సినిమాలు బాగా ఆడాయి, జూబ్లీహిల్స్‌లో మేడ లేచింది. తర్వాతవి ఆడలేదు, మేడ పోయి ఫిల్మ్‌నగర్‌లో ఒక గది మిగిలింది. చివరికి ఆ గదీ పోయింది, ఆయనా పోయాడు. మేడ ఉన్న చోట ఇప్పుడు పళ్ళ ఆస్పత్రి ఉంది. నేను అక్కడ ఒక పన్ను కూడా పీకించుకున్నాను. అమ్మ ఆ కంపెనీలో నటీనటుల బట్టలు కుట్టేది. కాజాలు, హుక్కులు, చివరి నిమిషంలో పిగిలిపోయిన జాకెట్లు ఆమె పని. అయినా ఇప్పటికీ "మా కంపెనీ" అనే అంటుంది, అందులో సగం వాటా ఉన్నట్టు.

మొదటి సినిమా మొదలయ్యే రోజునే కంపెనీ బొమ్మ కూడా తియ్యాలని పెద్దాయన పట్టుపట్టాడట. ఇత్తడి కుందిలో ఐదు వత్తులు, వాటిని వెలిగించే ఆడమనిషి చేతులు, ఆ వెలుగులోంచి కంపెనీ పేరు పైకి రావాలి. చేతులిస్తానన్న హీరోయిన్ వేరే సినిమా పెళ్ళి సీను కోసం మోచేతుల దాకా గోరింటాకు పెట్టుకుని వచ్చింది. కెమెరామన్ చుట్టూ చూసి, మూల కూర్చుని హుక్కులు కుడుతున్న అమ్మను పిలిచాడు.

"దీపం వెలిగించడం వచ్చామ్మా?"

"గుళ్ళో కొవ్వొత్తులు వెలిగిస్తానండీ" అంది అమ్మ. మేం క్రైస్తవులం. అమ్మ వాళ్ళ వైపు చర్చిని గుడి అనే అంటారు.

ముహూర్తం చూడనిదే తుమ్మని ఆ పెద్దాయన ఒక్క క్షణం ఆలోచించి, "కానివ్వండి, టైము దాటిపోతోంది" అన్నాడట. హీరోయిన్ గాజులు తీసి అమ్మ చేతులకు తొడిగారు.

ఐదు వత్తులూ ఒకే అగ్గిపుల్లతో వెలగాలని కెమెరామన్ కోరిక. ఒకసారి గాలికి ఆరింది, ఒకసారి వత్తి మునిగింది, ఒకసారి గాజు జారింది. ఇక ఒక్క టేకుకు సరిపడా ఫిల్మే మిగిలింది. ఈసారి నాలుగు వత్తులు చక్కగా వెలిగాయి. ఐదోదాని దగ్గరికి వచ్చేసరికి పుల్ల కాలిపోయి వేలు చురుక్కుమంది. చెయ్యి అదిరింది. వత్తి మాత్రం వెలిగింది. "తర్వాతి సినిమాకి మళ్ళీ తీద్దాంలేమ్మా" అన్నాడు పెద్దాయన. ప్రతి సినిమాకీ అదే మాట అన్నాడు. ఎప్పుడూ తియ్యలేదు.

అందుకే ఆ కంపెనీ సినిమాలన్నిటిలో ఐదో వత్తి దగ్గర చెయ్యి అదురుతుంది. మాకు అదే ముద్దు. నాన్నది ఇక్కడి తెలంగాణ మాట. ఆ క్షణం రాగానే నా భుజం గిల్లి "గదిగో, మీయమ్మ" అనేవాడు. చీకట్లో ముగ్గురం నవ్వుకునేవాళ్ళం.

కంపెనీ మూతబడ్డాక ఆ బొమ్మ మాకు కనపడలేదు. టీవీల్లో ఆ సినిమాలు వచ్చినప్పుడల్లా దాన్ని కత్తిరించి తమ గుర్తు వేసుకునేవారు. నాన్న పోయాడు. నా కూతురు ఆ బొమ్మను చూడకుండానే పెద్దదై ఇంజనీరింగుకు వచ్చింది. ఈమధ్య పాత సినిమాలను కొత్తగా బాగుచేసి మళ్ళీ విడుదల చేస్తున్నారు కదా, అలాగే మా కంపెనీ సినిమా ఒకటి వస్తోందని, కంపెనీ బొమ్మతో సహా వస్తోందని తెలిసింది. మధురానగర్‌లోని మా ఇంట్లో ఇక పండగే.

"చేతులే కదా అమ్మమ్మా, మొహం లేదు. నీవేనని గ్యారంటీ ఏంటి?" అంది నా కూతురు.

"ఐదో వత్తి దగ్గర చూడవే. చెయ్యి అదురుద్ది. అది నాదే" అంది అమ్మ.

అంతటితో ఆగలేదు. దీపం సంగతి తెలిస్తే ఏమనుకుంటారోనని ఇన్నేళ్ళూ చర్చిలో దాచిన మనిషి, తోటి ఆడవాళ్ళందరికీ తనే చెప్పింది. వాళ్ళు ఏమీ అనుకోకపోగా ఒక వరుస మొత్తం టికెట్లు తీసుకున్నారు. ఐదో వత్తి దగ్గర చూడమని అందరికీ ఒకటే మాట.

నేను డబ్బింగ్ చెబుతాను. ఫిల్మ్‌నగర్‌లో నేను చెప్పే స్టూడియో పై అంతస్తులోనే ఆ సినిమాను బాగుచేస్తున్నారు. టీ తాగే వేళ పైకి వెళ్ళి, అక్కడి కుర్రాణ్ణి ఆ బొమ్మ చూపించమన్నాను. తెర మీద దీపం నిన్న తీసినట్టు ఉంది. గాజుల మీద వెలుగు కూడా కనిపిస్తోంది. నాలుగో వత్తి వెలిగింది. ఐదోదీ వెలిగింది, చెయ్యి మెత్తగా పక్కకి వెళ్ళిపోయింది.

"ఇక్కడ చెయ్యి అదరాలి కదా" అన్నాను.

"రీల్ జంపయిందనుకున్న అక్కా. మస్తు సేపు కూసొని సాఫీ చేసిన. జర కూడ తెలుస్తలేదు కదా" అన్నాడు సంబరంగా.

నాకు కోపం నషాళానికి అంటింది. అది జంపు కాదనీ, మా అమ్మ కాలిన వేలనీ గట్టిగానే చెప్పాను. అతని మొహం చిన్నబోయింది.

"నాకేమెరుక అక్కా. ఫికర్ చెయ్యకు, పాతది గీడనే ఉంది, మళ్ల పెట్టేస్త. రేపు సాయంత్రం కాపీ పోతది, గంతకు ముందు ఒకసారి అమ్మను తోల్కరారాదు. గీ చేతులను అన్ని దినాలు చూసిన, మనిషిని చూడలే."

మర్నాడు ఆటోలో అమ్మను తీసుకెళ్ళాను. కుర్రాడు కుర్చీ వేసి, ముందు పాతది చూపించాడు. చెయ్యి అదరగానే అమ్మ నవ్వింది. తర్వాత తను సరిచేసినది చూపించాడు. అమ్మ నవ్వలేదు. ఇంకోసారి వెయ్యమంది. మళ్ళీ ఇంకోసారి వెయ్యమంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఇదే ఉంచు బాబూ" అంది.

"నీ గుర్తే అది కదమ్మా. రేపు వరుసంతా వస్తున్నారు. పిల్లకి ఏం చూపిస్తావు?" అన్నాను.

"పెద్దాయన ప్రతి సినిమాకీ మళ్ళీ తీద్దామమ్మా అనేవాడే. తియ్యకుండానే పోయాడు. ఇన్నాళ్ళకి టేకు ఓకే అయింది. మళ్ళీ నా చేత్తో నేనే పాడుచేసుకోనా?"

మాకది ముద్దొచ్చే తప్పు. ఆమెకది మధ్యలో మిగిలిపోయిన పని. కుర్రాడు ఆమె కుడిచెయ్యి పట్టుకుని, "నేను జూసిన చేతులే ఇవి" అన్నాడు. తిరిగొచ్చే దార్లో అమ్మ మిర్చి బజ్జీలు కొనిపెట్టమని అడిగి, ఆటోలో కూర్చుని అన్నీ తనే తినేసింది.

పిల్లకి మాత్రం ఈ సంగతి చెప్పలేకపోయాను.

సినిమా రోజు మేమందరం తలుపులు తెరవకముందే థియేటర్ దగ్గరున్నాం. చర్చి ఆడవాళ్ళు పట్టుచీరల్లో వచ్చారు. అమ్మకు అటు నా కూతురు, ఇటు నేను కూర్చున్నాం. లైట్లు ఆరాక యథాప్రకారం ఒక గుంపు ఫోన్లు వెలిగించుకుని అడ్డంగా వచ్చింది. "ముందు కూర్చోండి, అసలుది పడుతోంది" అని కసిరాను.

కుంది కనపడింది. అగ్గిపుల్ల గీశారు. ఒకటి వెలిగింది, రెండు, మూడు. వరుసంతా ముందుకు వంగింది. నాలుగు. నేను కళ్ళు మూసుకుందామనుకుని కూడా మూసుకోలేదు. ఐదో వత్తి వెలిగింది, ఆ చెయ్యి నిదానంగా, అందంగా పక్కకి తప్పుకుంది. పసుపురంగు అక్షరాలు పైకి వచ్చాయి. అదురు లేకపోయినా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టేశారు. నేను పిల్ల వైపు చూడలేకపోయాను.

పిల్లే నా వైపు వంగింది. అమ్మమ్మ కుడిచెయ్యి దాని రెండు చేతుల్లో ఉంది.

"అమ్మా, ఐదో వత్తి దగ్గర అమ్మమ్మ చెయ్యి అదిరింది" అంది గొంతు తగ్గించి.

అమ్మ అప్పటికే రెండో చేత్తో కొంగు సర్దుకుని వెనక్కి వాలింది. ఇంటర్వెల్ దాకా పిల్ల ఆ చెయ్యి వదల్లేదు.