రాత్రి పందెం వద్దన్నాను

నేను మొండిదాన్నని మా ఊళ్ళో అందరూ అనేవారు. అనేవారేమిటి, ఇప్పటికీ అంటారు. అననీ. ఆ మొండితనం ఒక్కసారి నిజంగా పనికొచ్చింది. అది జట్కా పందెం విషయంలో.

స్వతంత్రం వచ్చి మూడు నాలుగేళ్ళయింది. నాకప్పుడు పదిహేడో పద్ధెనిమిదో. అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే కంకర రోడ్డు పక్కన, సముద్రానికి రెండున్నర మైళ్ళు ఇవతల మా ఇల్లు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో నాన్న, నాన్నని కన్న మా మామ్మ, నేను, మా ఆడగుర్రం. గుర్రాన్ని కూడా మనిషి కిందే లెక్కేసుకునేవాళ్ళం. నాన్నది జట్కా బండి మరి. మాకు అన్నం పెట్టేది అదే.

పొద్దున్నే కోర్టు పనుల మీద వెళ్ళేవాళ్ళనీ కొబ్బరి బేరగాళ్ళనీ ఎక్కించుకుని నాన్న అమలాపురం వెళ్ళేవాడు. సాయంత్రం వాళ్ళనే దారిపొడుగునా దింపుకుంటూ వచ్చేవాడు. పొద్దుగూకాక బండికి దీపం లేకపోతే పోలీసులు కేసు రాస్తారు. అందుకని చీకటిపడే వేళకి బండి ఆపి, పక్కన వేలాడే లాంతరు వెలిగించేవాడు. దీపం వెలిగిందంటే ఆ పూటకి అదే ఆఖరి ట్రిప్పు. ఆ సంగతి గుర్రానికి మనకన్నా బాగా తెలుసు. అగ్గిపుల్ల చప్పుడుకే చెవులు నిక్కించేది. ఇక పగ్గాలు పట్టుకోనక్కర్లేదు. ఆపమంటే ఆగేది, పదమంటే కదిలేది, చివరికి మా వాకిట్లో కుడితి గోలెం ముందు నిలబడేది.

“పగ్గం ముట్టుకోకుండా ఇంటికొస్తానండి” అని నాన్న అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. అసలు సంగతి నాకు తెలుసు. నాన్నకి రేచీకటి. ఓ సాయంత్రం మంచినీళ్ళ చెంబు చాచి నిలబడితే, ఆయన చెయ్యి చెంబుకి జానెడు పక్కన గాలిని తడిమింది. చెంబునే ఆయన చేతి కిందికి జరిపాను. మర్నాటి నుంచి గట్ల వెంట తిరిగి పొన్నగంటి కూర కోసుకొచ్చి వండటం మొదలుపెట్టాను. కళ్ళకి మంచిదని మామ్మ అనేది.

“రోజూ ఇదేనేంటే?” అనేవాడు నాన్న.

“గుర్రానికి రోజూ గడ్డే వేస్తున్నాం. అదేవన్నా అడుగుతోందా?” అనేదాన్ని.

ఎందుకు దాచుకున్నాడో నాకు తెలియక కాదు. చీకటిపడితే కళ్ళు కనపడవని తెలిస్తే ఆయన బండి ఎవరెక్కుతారు?

ఏటా మాఘమాసంలో సముద్రపొడ్డున తీర్థం, అంటే తిరణాల, జరిగేది. తీర్థం నాడు పొద్దున్నే జట్కాల పందెం. రోడ్డు మీద మొదలుపెట్టి, సముద్రం వైపు మైలున్నర పరిగెత్తించి, ఓడలరేవులో గీసిన సున్నపు గీత దాటాలి. ఖాళీ బండికి పందెం లేదు. ఎవరో ఒక మనిషిని ఎక్కించుకుని, ఆ మనిషిని గీత అవతల క్షేమంగా దింపితేనే గెలిచినట్టు. పందెం మొదలుపెట్టేచోటు మా ఇంటికి మైలు దూరం, సముద్రం వైపు.

ఆ ఏడు తీర్థం కమిటీ పెద్దగా ఉన్న కొబ్బరితోటల ఆసామి గారికి కొత్త సరదా పుట్టింది. అమలాపురం నుంచి పెట్రోమాక్సు లైట్లు తెప్పించి, పందెం రాత్రిపూట పెట్టిస్తానన్నారు. జట్కావాళ్ళని ఏడుగురినీ తన అరుగు మీదకి పిలిపించారు. నాన్నతో నేనూ వెళ్ళాను.

“పగలంతా జనం చేలల్లో ఉంటారు, కొబ్బరికాయల వలుపుల్లో ఉంటారు. ఎండలో ఎవరొస్తారయ్యా? రాత్రయితే చల్లగా ఉంటుంది. లైట్ల వెలుగులో గుర్రాలు పరిగెడుతుంటే చూడాలి మరి!” అన్నారు ఆసామి గారు.

“ఆయ్, బాగుంటుందండి” అన్నారు జట్కావాళ్ళందరూ. అందరికన్నా గట్టిగా అన్నది మా నాన్నే. నాకు ఒళ్ళు మండిపోయింది.

“బాగుండదండీ” అన్నాను.

అరుగంతా నా వైపు తిరిగింది.

“ఎందుకు బాగుండదమ్మా?”

“పగలంతా బండి లాగిన గుర్రాలండి, రాత్రి కూడా పరిగెత్తమంటే ఎలాగండీ? లైటున్నచోట వెలుగు, దాని పక్కనంతా చీకటి. నీడ చూసి బెదిరితే రోడ్డుకి అటు కాలవ, ఇటు జనం. పిల్లా జెల్లా ముందుకొచ్చి నిలబడతారు. ఏదన్నా జరిగితే మీ లైట్లొచ్చి ఎత్తుతాయాండీ?”

అందరూ ఘొల్లున నవ్వారు. “మీ అమ్మాయికి నోరెక్కువయ్యా” అన్నారు ఆసామి గారు, కోపం లేకుండానే.

“తల్లి లేని పిల్లండి. నేనే పాడుచేసేను” అన్నాడు నాన్న.

నవ్వనివాడు ఒక్కడే. జట్కావాళ్ళలో అందరికన్నా పెద్దవాడు, ఓడలరేవు తాత. సున్నపు గీతకి పదడుగుల అవతల ఆయన ఇల్లు. “పిల్ల చెప్పిందాంట్లో తప్పేవుందండీ...” అని మొదలుపెట్టి, అందరి మొహాలూ చూసి, “మీ ఇష్టమండి, నాదేవుంది” అని ఊరుకున్నాడు.

నేను ఊరుకోలేదు. మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళాను. మూడోనాడూ వెళ్ళాను. నాలుగోసారి గేటులో నన్ను చూడగానే ఆసామి గారు తల పట్టుకుని, “అమ్మా, అసలు కారణం చెప్పు. సబబుగా ఉంటే ఇప్పుడే మార్పిస్తాను” అన్నారు. నాలిక చివరిదాకా వచ్చింది. పొద్దున్నే అమలాపురం రోడ్డు మీద ఖాళీ బండిలో కూర్చున్న నాన్న కళ్ళముందు మెదిలాడు. నోరు మూసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చాక, “మనం పందెం మానేద్దాం నాన్నా” అన్నాను.

“మానేస్తే ఎందుకు మానేసేవంటారు. ఏం చెప్పమంటావు?” అని మొహం తిప్పుకున్నాడు. నాకు తెలుసని ఆయన కూడా పసిగట్టాడని అప్పుడర్థమైంది.

“సరే. అయితే నీ బండిలో ఎక్కే మనిషిని నేనే” అన్నాను. వద్దన్నాడు, కసిరాడు, మామ్మ చేత చెప్పించాడు. నేను వింటానా?

తీర్థం నాటికి ఆసామి గారి సంబరం చూడాలి. ఓడలరేవు తాత గుర్రం ఎప్పుడూ గెలిచేదే కదా అని, తన ఆరేళ్ళ మనవరాలికి పట్టుపరికిణీ కట్టి ఆ బండిలో కూర్చోబెట్టారు. రోడ్డుకి రెండు పక్కలా జనం విరగబడ్డారు. పెట్రోమాక్సులు బుస్సుమంటూ వెలిగాయి. నాన్న నా భుజం పట్టుకుని, ఏదో సరదాకన్నట్టు నవ్వుతూ బండి దాకా నడిచాడు. ఆ వేళ్ళు నా భుజంలోకి ఎంత గట్టిగా దిగాయో నాకే తెలుసు.

దారంతా చూసి పెట్టుకున్నాను. ఎడమకి లాగాలంటే నేను నాన్న ఎడమ భుజం తట్టాలి, కుడికి లాగాలంటే కుడి. అన్నీ అనుకున్నాం. ఇంతలో కమిటీవాళ్ళు, “బండి దీపాలు వెలిగించండయ్యా! దీపం లేని బండికి పందెం లేదు!” అని కేకేశారు. నాన్నకి అగ్గిపెట్టె ఎందుకివ్వాలని నేనే లాంతరు వెలిగించాను. నా చేత్తోనే వెలిగించాను. అంత తెలివైనదాన్ని, అంత నోరున్నదాన్ని, గుర్రం చెవులు నిక్కించడం చూసి కూడా నాకు తట్టలేదు.

డప్పు మోగింది. ఏడు బండ్లూ ఒక్కసారి కదిలాయి, చక్రాలు ఒరుసుకున్నాయి, ఎవరి గుర్రమో సకిలించింది. ఆ తోపులాటలో మా గుర్రం గిర్రున వెనక్కి తిరిగి, జనం పక్కలకి దూకుతుంటే సందు చేసుకుని, ఇంటి వైపు పరుగు లంకించుకుంది.

నేను ఎడమ భుజం తట్టాను, కుడి భుజం తట్టాను. నాన్న లాగుతూనే ఉన్నాడు. గుర్రం వింటేగా! దీపం వెలిగింది, పని అయిపోయింది, దానికి ఇల్లు కావాలి. జనం ఈలలు వేస్తున్నారు, పగలబడి నవ్వుతున్నారు. తోపులాటలో బండి తిరిగింది పక్క బండిని తప్పుకోడానికనుకున్నాడు నాన్న, ఈలలేమో మెచ్చుకోళ్ళనుకున్నాడు. కాసేపటికి వెనక చక్రాల చప్పుడు కూడా వినపడకుండా పోయింది.

“ఎంతమంది ముందున్నారే?” అని అరిచాడు.

“ఎవరూ లేరు నాన్నా” అన్నాను. అబద్ధం కాదుగా.

“వెనకో?”

“వెనకా ఎవరూ లేరు.”

నాన్న నవ్వాడు. అమ్మ పోయాక అలా నవ్వగా నేను వినలేదు. బండిలో నిలబడి, “హై! హై! నా తల్లే! నా బంగారమే!” అని గుర్రాన్ని అదిలిస్తున్నాడు. చెప్పెయ్యాలి. ఎలా చెప్పను? నాకు ఏడుపు ముంచుకొచ్చింది. చీకట్లో ఏడిస్తే ఆయనకి కనపడదు కదా అని ఏడ్చాను.

గుర్రం ఆగింది. నాన్న రెండు చేతులూ పైకెత్తి, “గెలిచేం!” అన్నాడు. ఎవరూ కేకలు వెయ్యలేదు. చప్పట్లు లేవు. గోలెంలో గుర్రం కుడితి జుర్రుకుంటున్న చప్పుడు. లోపలి నుంచి మామ్మ గొంతు, “ఏరా, తీర్థం అప్పుడే అయిపోయిందా?”

నాన్న చేతులు అలాగే ఉండిపోయాయి. తర్వాత మెల్లిగా దించి, దిగి, గోలెం అంచు తడిమి చూసుకున్నాడు.

“అందరూ చూసేరా?” అన్నాడు.

“చూసేరు.”

“గుర్రం బెదిరిందని చెబుదాం.”

“చెప్పను” అన్నాను. “నా గుర్రం బెదరలేదు. లేనిపోని మాట దాని నెత్తిన రుద్దితే ఊరుకోను. ఇవాళ దాని పుణ్యాన ఇంటికొచ్చేం. వచ్చే ఏడు కూడా రాత్రే పెడతారు. అప్పుడు ఎవర్ని తొక్కుకుంటూ వెళ్తామో ఎవరికి తెలుసు? నువ్వు చెప్పకపోతే రేపు నేనే వెళ్ళి చెబుతాను.”

“చెబితే బండెక్కేదెవరే?”

“పగలు ఎక్కుతారు. ఎక్కకపోతే నేను కాయలు వలుస్తాను. నాకు చేతులున్నాయి.”

నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే తలకి తువ్వాలు చుట్టుకుని, “పద” అన్నాడు.

తీర్థం పందిట్లో ఓడలరేవు తాతకి ఇత్తడి బిందె బహుమానం ఇస్తున్నారు. మమ్మల్ని చూడగానే, “ఏవయ్యా, పొయ్యి మీద కూర మర్చిపోయి పరిగెత్తేవా?” అని ఎవరో అన్నారు. పందిరంతా నవ్వింది. నాన్న ఆ నవ్వు అయ్యేదాకా నిలబడ్డాడు.

“గుర్రం బెదరలేదండి” అన్నాడు. “దీపం పెడితే ఇంటికెళ్ళడం దానికి అలవాటు. నాకే పొద్దుగూకితే కళ్ళు కనపడవు. ఐదేళ్ళయిందండి. మా అమ్మాయి మీ గుమ్మం చుట్టూ తిరిగింది అందుకేనండి. నా బండెక్కుతారో మానేస్తారో మీ ఇష్టం. పందెం మాత్రం రాత్రి పెట్టకండి.”

మా పక్కన నిలబడ్డ జట్కా ఆయన నేల చూపులు చూస్తూ, “నాకూ అంతేనండి” అన్నాడు. అతని వెనక మరొకడు గొంతు సవరించుకుని, “నాకు రెండేళ్ళ నుంచండి” అన్నాడు.

ఓడలరేవు తాత చేతిలోని బిందె కింద పెట్టాడు.

“ఇది నాకొద్దండి. నా ఇల్లు ఆ గీత పక్కనే గదండీ. దీపం పెట్టేరు, అది ఇంటికెళ్ళింది. గెలిచేనని మీరంతా కేకలేస్తే నాకు తెలిసింది.”

ఆసామి గారి మొహం పాలిపోయింది. రాత్రి ఆ బండిలో కూర్చున్న మనవరాలు పందిట్లో చెరుకుముక్క నములుతోంది. వెళ్ళి ఆ పిల్లని ఎత్తుకున్నారు. తర్వాత, “వచ్చే ఏడు నుంచి పందెం పొద్దున్నేనయ్యా” అన్నారు. నా వైపు తిరిగి, “ఆ వేళ కారణం అడిగితే చెప్పవేవమ్మా?” అన్నారు.

“చెబితే మా నాన్న బండి ఎక్కేవారాండీ?” అన్నాను.

మర్నాడు పొద్దున్న నాన్న బండి కట్టి రోడ్డు మీద నిలబెడితే ఎవరూ రాలేదు. నేను వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఆసామి గారు గొడుగు ముడుచుకుని నడుచుకుంటూ వచ్చారు. ఆయనకి సొంత బండి ఉంది.

“అమలాపురం పోనీ” అని ఎక్కి కూర్చున్నారు. “పొద్దుండగానే ఇంటికి చేర్చాలి సుమా.”

“ఆయ్” అన్నాడు నాన్న.