మన బస్సులో మనం కూర్చోం

మాకు ఐదు బస్సులున్న రోజుల్లో కూడా నేను బస్సులో నిలబడే తిరిగాను. మా తాత పెట్టిన రూలు అది. టికెట్టు కొన్నవాడు ఒక్కడు నిలబడి ఉన్నా సరే, ఓనరు ఇంటివాళ్ళు సీటులో కూర్చోకూడదు. అప్పట్లో మా బస్సు ఖాళీగా ఉన్నదెప్పుడు? టాపు మీద కూడా జనమే. కాబట్టి బస్సులవాళ్ళ ఇంట పుట్టినందుకు నాకు దక్కింది తలుపు పక్కనుండే ఇనుప కడ్డీ. అమ్మ కొత్త పెళ్ళికూతురిగా పట్టుచీర కట్టుకుని పుట్టింటికి పోతూ కూడా ఆ కడ్డీ పట్టుకునే నిలబడిందట. "సేటు ఇంటి కోడలివైతివి, నీకేం తక్కువ" అని చుట్టాలు కుళ్ళుకునేవారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏమిటో అమ్మకు అప్పుడే తెలిసిపోయింది.

తాతది ఇంకో రూలు కూడా ఉండేది. రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోకూడదు. స్టేజీ ఉన్నా లేకున్నా ఆపాల్సిందే. ఆయన కంటోన్మెంటులో మిలిటరీ లారీలు బాగుచేసే మెకానిక్కు. వేలంలో ఒక పాత లారీ కొని, దాని మీద బస్సు బాడీ కట్టించి, శామీర్‌పేట దాటాక పెద్దరోడ్డు దిగి లోపలికి పోయే ఊళ్ళకు నడపడం మొదలుపెట్టాడు. ఆ ఊళ్ళకు సర్కారు బస్సు పోయేది కాదు. రోడ్డే సరిగా లేని చోటికి బస్సెందుకు పోతుంది? మా బస్సు పక్కన ఇంత లావు అక్షరాలతో కంపెనీ పేరు రాసి ఉండేది గానీ ఆ పేరుతో ఒక్కరూ పిలవలేదు. "మన బస్సొచ్చిందా? మన బస్సు పోయిందా?" అనేవారు. రెజిమెంటల్ బజార్‌లో మేము ఆఫీసు అని చెప్పుకునే ఒంటిగది ముందు పొద్దున్నే కూరగాయల గంపలు, పాల క్యాన్లు, పెద్దాసుపత్రికి చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు దిగేవారు. సాయంత్రం ఖాళీ గంపలతో, మందుల సంచులతో మళ్ళీ ఎక్కేవారు.

తాత తర్వాత కంపెనీ మా నాన్న చేతికి వచ్చింది. నేను ఆయన్ని బాపు అంటాను. బాపు చేతికి వచ్చాకే అన్నీ వచ్చాయి. ఊళ్ళలోకి ఆటోలు వచ్చాయి, ఇంటికో బైకు వచ్చింది, కరోనా వచ్చింది. షెడ్డులో నిలబడి నిలబడి టైర్లు పగుళ్ళు పట్టాయి. ఒక బస్సును బడివాళ్ళు కొనుక్కుని పసుపు రంగు వేయించారు. రెండింటిని పాతసామానువాళ్ళు మా కళ్ళముందే ముక్కలుగా కోసి పట్టుకుపోయారు. ఇంకొకదాన్ని మేమే విప్పి, దాని సామాన్లతో మిగిలిన ఒక్క బస్సును నడిపించుకుంటూ వచ్చాం. అంతలో సర్కారు బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు అక్కర్లేదన్నారు. గోరుచుట్టు మీద రోకలి పోటు. మా ఊళ్ళ ఆడవాళ్ళు ఎండలో పెద్దరోడ్డు దాకా నడిచిపోయి మరీ సర్కారు బస్సెక్కడం మొదలుపెట్టారు. వాళ్ళననడానికి నాకు నోరెక్కడిది? మెట్టుగూడలో మా ఇంటి నుంచి ఆఫీసుకు నేను పోయేది కూడా ఆధార్ కార్డు చూపించే. దొంగచాటుగా కాదు, బాపుకు చెప్పే పోతాను.

నా దిగులు బస్సు గురించి కూడా కాదు, బాపు గురించి. పొద్దున లేవగానే ఇంజను చప్పుడు వినందే ఆయనకు చాయ్ గొంతు దిగదు. ఈ ఒక్క బస్సూ ఆగిపోతే ఆ మనిషి ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడో నాకు ఎంత ఆలోచించినా తోచేది కాదు. ఆలోచించడమే మానేశాను.

అటువంటి రోజుల్లో ఒక ఆదివారం, మా రూటులో చివరి ఊరి సర్పంచ్ మా ఇంటికి వచ్చింది. కొత్తగా గెలిచింది. చిన్నప్పుడు రోజూ మా బస్సులోనే సికింద్రాబాద్ వచ్చి కాలేజీ చదువుకున్న పిల్ల. వస్తూనే అమ్మకు బొట్టు పెట్టింది, పండ్లు చేతిలో పెట్టింది. పెళ్ళి పిలుపేమో అనుకున్నాం.

"కాకా, మన ఊరికి సర్కారు బస్సు వస్తున్నది. ఆఫీసుల సుట్టు తిరిగి తిరిగి సాంక్షన్ చేపిచ్చిన. కొబ్బరికాయ నువ్వే కొట్టాలె. నీ చెయ్యి మంచిది. నువ్వు కాయ కొట్టి తీసిన బస్సు ఇన్నేండ్లల్ల ఒక్కపారి సుత పల్టీ కొట్టలె" అంది.

ఆమె మొహంలో ఎగతాళి ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అనేదాన్ని. ఆ పిల్ల నిజంగానే గౌరవించడానికి వచ్చింది. ఊరికి మొదట బస్సు తెచ్చిన ఇంటి మనిషి కాయ కొట్టకపోతే తప్పని ఊరంతా కూర్చుని అనుకున్నారట.

ఆమె వెళ్ళగానే నేను అరిచాను. "ఏరు దాటి తెప్ప తగలేస్తున్నరు బాపూ. అగ్గిపెట్టె సుత మననే తెమ్మంటున్నరు."

"బొట్టు పెట్టి పిలిస్తె పోకుంట ఉంటరా?" అన్నాడు బాపు. "ఆడపిల్లలు ఫుకట్ల సదువుకు పోతరు. మంచిదేనాయె." మళ్ళీ తనే, "గది నాలుగొద్దులు తిరుగుతది, ఐదోనాడు డిపోల పంటది. నేను సూడనియా?" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను కూడా కొంచెం ధైర్యం తెచ్చుకున్నాను.

సర్కారు బస్సు మొదలయ్యే రోజు మా బస్సులోనే పోయాం, నేను, బాపు, అమ్మ. మా డ్రైవరు బాపు ఈడువాడు, ఈ రూటులోనే ముసలివాడయ్యాడు. ఎవరూ చెప్పకపోయినా తెల్లారకముందే మా బస్సును కడిగి, అద్దానికి పూలదండ వేశాడు. ఊళ్ళో డప్పులు మోగుతున్నాయి. సర్కారు బస్సు కొత్తదేం కాదు. వెనక బంపరుకు సొట్ట, కిటికీలకు సగం రంగు. మాకంటే పాతదేనని నేను లోలోపల సంబరపడ్డాను. దానికి మామిడాకులు కట్టారు, ఆడవాళ్ళు హారతి పళ్ళెం పట్టుకున్నారు. బాపు చేతికి కొబ్బరికాయ ఇచ్చారు. కాయ కుళ్ళిపోవాలని నేను మొక్కుకున్నాను. సిగ్గేం లేదు, గట్టిగానే మొక్కుకున్నాను. ఒక్క దెబ్బకు రెండు చెక్కలై తెల్లగా విచ్చుకుంది. నీళ్ళు బాపు చొక్కా మీద చిందాయి. "చెప్పిన గద, మంచి చెయ్యి" అని సర్పంచ్ చప్పట్లు కొట్టింది. బాపు వంగి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. తర్వాత ఆ కొత్త డ్రైవరు దగ్గరికి పోయి, "కల్వర్టు దగ్గర రోడ్డు ఎడమకు గుంజుతది, జెర పైలం బిడ్డా" అని చెప్పాడు.

మొదటి ట్రిప్పుకు ఊరంతా ఎక్కింది. సర్పంచ్ అమ్మను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి ముందు సీటులో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. అమ్మ ఒకసారి మా వైపు చూసింది. కడ్డీ కోసమేమో చెయ్యి పైకి పోయింది, అంతలో పక్కావిడ ఏదో అంటే నవ్వింది. అమ్మ మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆమె బస్సులో కిటికీ పక్కన కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

వాళ్ళు పోయాక దుమ్ము సర్దుకుంది. మా బస్సు టైమయింది.

"ఎవ్వరు లేరు సేటు" అన్నాడు డ్రైవరు.

"టైమయింది, తియ్" అన్నాడు బాపు.

మొత్తం బస్సులో మేమిద్దరమే. నేను కోపంతో ఒక సీటులో దబ్బున కూర్చున్నాను. బాపు తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. రెండో చేతిలో ఊరివాళ్ళు ఇచ్చిన కొబ్బరి చెక్క. డ్రైవరు ప్రతి స్టేజీలో ఆపుతున్నాడు. ప్రతి స్టేజీలో ఎవరూ లేరు.

"కూసో బాపూ" అన్నాను.

"ఎవరన్న ఎక్కుతరేమో" అన్నాడు.

శామీర్‌పేట దాటింది. నాకు ఏడుపొస్తోంది, కిటికీ వైపు తిరిగాను. అల్వాల్ దగ్గరికొస్తుండగా సీటు కిర్రుమంది. బాపు కూర్చున్నాడు. ముందు సీటు అంచున, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పరాయి ఇంట్లో కూర్చున్నట్టు. డ్రైవరు అద్దంలోంచి చూసి వెంటనే కళ్ళు తిప్పేసుకున్నాడు.

అంతలో రోడ్డు పక్కన ఒకామె చెయ్యెత్తింది. బ్రేకు పడీ పడకముందే బాపు లేచి నిలబడ్డాడు. ఆమె గబగబా ఎక్కింది, చంకలో సంచి, చేతిలో ఆధార్ కార్డు. బాపు తాను లేచిన సీటే చూపించి "కూసో అమ్మా, కూసో" అన్నాడు. ఆమె ఆ సీటు వైపు, వెనక ఖాళీ సీట్లన్నిటి వైపు విచిత్రంగా చూసింది.

"ఆధార్ నడుస్తది గదా?"

"నడవదమ్మా. ఇది సర్కారుది కాదు."

"అయ్యో, సూస్కోలె. ఏమనుకోకు పెద్దాయినా" అని ఆమె దిగిపోయింది.

బస్సు కదల్లేదు. డ్రైవరు వెనక్కి తిరిగి బాపు మాట కోసం చూస్తున్నాడు. బాపు ఆ సీటు మీద పడ్డ కొబ్బరి పీచును చేత్తో దులిపాడు.

"పోనియ్ ఇగ" అన్నాడు. "ఎక్కడ ఆపకు."

డ్రైవరు వినపడనట్టు చూశాడు. "చెయ్యెత్తితెనో సేటు?"

"ఎత్తినా ఆపకు."

తర్వాతి స్టేజీలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒక ముసలాయన చెయ్యెత్తాడు. మా బస్సుకో, వెనక వచ్చేదానికో నాకు తెలియదు. మేము ఆపలేదు. రెజిమెంటల్ బజార్ వచ్చేదాకా బాపు కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.